తెలుగు వంతు వచ్చిన ఆదివారం

మా ఇంట్లో రెండింటికి అందరం భయపడేవాళ్ళం. ఒకటి నాన్న కుడిచెయ్యి, రెండోది టీవీ. టీవీకి ఎందుకంటే, దానికేమైనా అయితే ఆ కుడిచెయ్యి లేచేది.

నాన్న హవల్దారు. ఢిల్లీ కంటోన్మెంటులో మాది కింద అంతస్తు క్వార్టరు. కూరలో ఉప్పు తక్కువైతే అమ్మకి, మార్కులు తక్కువైతే నాకు, ఏమీ తక్కువ కాకపోయినా ఎవరో ఒకరికి పడేది. పడ్డాక చెవిలో కాసేపు గుయ్యిమనేది. అమ్మ కొంగుతో నా మొహం తుడుస్తూ ఎప్పుడూ ఒకటే మాట చెప్పేది.

"మీ నాన్న మంచోడేనే. కోపమొస్తే ఆయన చేతులు ఆయన మాట వినవు, అంతే."

నేను నమ్మేదాన్ని. వానొస్తే తడుస్తాం కదా, ఇదీ అలాంటిదే అనుకునేదాన్ని.

టీవీ వచ్చాక నాకు పిచ్చి పట్టింది. బ్లాక్ అండ్ వైట్ సెట్టు, నాలుగు కాళ్ళు, పక్కకి జరిగే చెక్క షట్టరు. అందరూ ముందు కూర్చుని బొమ్మ చూస్తే, నేను వెనక చేరి అట్ట కన్నాల్లోంచి పిక్చర్ ట్యూబు మెడలో వెలిగే ఎర్రటి చుక్కని చూసేదాన్ని. ఎరువుల గురించి చెప్పే కార్యక్రమం కూడా వదిలేదాన్ని కాదు. ఆ అట్ట విప్పి లోపల ఏముందో చూడాలని నా చేతులు దురద పెట్టేవి.

అమ్మకి మాత్రం ఆ పెట్టె పరాయిది. ఆవిడ హిందీ కూరగాయల బండి దాకానే. మా బ్లాకులో ఇంకో తెలుగు కుటుంబం లేదు. ఆదివారం మధ్యాహ్నాలు వారానికో భాష సినిమా వేసేవారు. బెంగాలీ, ఒరియా, మణిపురి, అన్నీ తిరిగి మన వంతు వచ్చేసరికి నెలలు గడిచేవి. కిందటి వంతుకి కరెంటు పోయింది. ఈసారి అమ్మ తలంటుకుని, పొద్దున్నే వంట ముగించి, సినిమా హాలుకి వెళ్తున్నట్టు ఇస్త్రీ చీర కట్టుకుంది.

అంతకుముందు సాయంత్రం ఆంధీ వచ్చింది, ఎండాకాలంలో ఢిల్లీ మొహాన దుమ్ము కొట్టి పోయే గాలి. మా యాంటెన్నా పైపుని డాబా పిట్టగోడకి బిగించిన క్లాంపు విరిగింది. తాడుతో కడితే పైపు వాలిపోతోంది. సినిమా మొదలైంది. తెర నిండా చీమలు, వాటి వెనకనుంచి ఎక్కడో తెలుగు మాటలు. అమ్మ గోడ వైపు తిరిగి ఏడ్చింది.

"ఏడవమాకే," అని నాన్న డాబా ఎక్కి, పైపు నిలబెట్టి, రెండు చేతులతో పట్టుకుని నిలుచున్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండ. ఇనుము కాలిపోతోంది.

నేను డాబా మీద మెట్ల దగ్గర ఉన్నాను. కిందనుంచి కిటికీలో అమ్మ కేకేసింది. "వచ్చిందండీ. కదిలించమాకండి."

అప్పుడు పై క్వార్టరు హర్యానా ఆయన పైకి వచ్చాడు. వారం క్రితం వాళ్ళబ్బాయి గాలిపటం దారం మా యాంటెన్నాకి చుట్టుకుందని నాన్న వాణ్ణి ముక్కులోంచి రక్తం కారేలా కొట్టాడు. తండ్రి సమయం కోసం చూస్తున్నాడు, ఆ సమయం ఇలా దొరికింది.

"మేరే ఛోరే పే హాథ్ ఉఠాయా థా నా? అబ్ ఉఠా."

తన కొడుకు మీద ఎత్తిన చెయ్యి ఇప్పుడెత్తమని అడిగి, నోటి మీద గుద్దాడు. నాన్న తల వెనక్కి పోయింది. ఆ కుడిచెయ్యి లేస్తుందని చూశాను. లేవలేదు. పైపు ఊగింది.

"ఏమైందండీ, బొమ్మ పోయింది," అంది అమ్మ కిందనుంచి.

నాన్న రక్తం ఉమ్మి, పైపు నిటారుగా పెట్టాడు.

"ఆ, బాగుంది. అట్టాగే పట్టుకోండి," అంది అమ్మ.

రెండో దెబ్బ కడుపులో పడింది. తర్వాత మోకాలి కింద బూటు కాలితో తన్నాడు. నాన్న పైపుని వాటేసుకుని వంగిపోయాడు గానీ వదల్లేదు. నాకు ముందు సంతోషం వేసింది, అబద్ధమెందుకు. గుయ్యిమనడం ఏమిటో ఇప్పుడు తెలుస్తుందిలే అనుకున్నాను. మరుక్షణం ఒళ్ళు మండిపోయింది.

"నాన్నా, కొట్టు," అన్నాను.

"అమ్మకి చెప్పమాక," అన్నాడు.

నేనే వెళ్ళి ఆ హర్యానా ఆయన ముంజేతిని కరిచాను. చెమట, వెంట్రుకలు, ఆపైన రక్తం నోట్లోకి వచ్చేదాకా వదల్లేదు. ఆయన విదిలిస్తే వెళ్ళి నీళ్ళ ట్యాంకుకి కొట్టుకున్నాను. ఆయన కరిచిన చెయ్యి పట్టుకుని నాన్న వంక చూశాడు. తిరిగి కొట్టనివాణ్ణి కొట్టి కొట్టి విసుగొచ్చిందేమో, "పాగల్ హై సాలా," అని దిగిపోయాడు.

సినిమా అప్పటికి సగం కూడా కాలేదు. నాన్న చివరిదాకా అలాగే నిలబడ్డాడు.

దిగి వచ్చేసరికి పెదవి చీలి ఉంది, ముందు పన్ను ఒకటి లేదు. "ఎట్టుంది సినిమా?" అని అడిగాడు. అమ్మ ఆయన మొహం చూసింది, నా నుదుటి మీద బొప్పి చూసింది. నేను నోరు మూసుకోలేదు, అంతా చెప్పేశాను. అమ్మ ఆయన చేతులు రెండూ తిప్పి చూసింది. అరచేతులు కమిలి, బొబ్బలెక్కి, తుప్పు అంటుకుని ఉన్నాయి. వాటికి వెన్న రాసింది.

బొబ్బలు మానాక ఒకరోజు నేను టీవీ వెనక అట్ట విప్పుతూ దొరికిపోయాను. కుడిచెయ్యి లేచింది. కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడకపోయేసరికి తెరిచి చూస్తే అమ్మ మా మధ్యన నిలబడి ఉంది.

"అంత కొట్టినా ఆరోజు పైపు వదల్లేదుగా," అంది, గొంతు పెంచకుండా. "మీ చేతులు మీ మాట వింటాయి. ఇన్నేళ్ళూ విన్నాయి. దించండి."

నాన్న చెయ్యి దించాడు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు, దానితోనే టీవీ షట్టరు లాగి మూశాడు. అమ్మ వెళ్ళి దాన్ని మళ్ళీ తెరిచింది.