భ్రమరాంబ కుట్టిన గుడారం

మూసాపేట మెట్రో స్టేషన్ వెనక సందులో నా వెల్డింగ్ షెడ్డు. దాని పక్కనే భ్రమరాంబ షెడ్డు. ఆమె లారీలకు టార్పాలిన్లు కుడుతుంది. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మొదట్లో పాత టార్పాలిన్లు తెచ్చి, కుట్లు విప్పి, దారం ఎటు నుంచి ఎటు పోయిందో చూసి మళ్లీ కుట్టేదట. ఇప్పుడు గుడ్డను వేళ్ల మధ్య నలిపి ఎన్నేళ్లు ఆగుతుందో చెబుతుంది.

ఆమెకొక పద్ధతి ఉంది. కుట్టిన ప్రతి టార్పాలిన్‌నూ నాలుగు ఇనుప గుంజలకు కట్టి, దాని మీద మూడు బిందెల నీళ్లు పోయిస్తుంది. తను కింద పీట వేసుకుని పది నిమిషాలు కూర్చుంటుంది. నెత్తి మీద ఒక్క చుక్క పడినా ఆ కుట్టు మొత్తం విప్పేస్తుంది. పడకపోతే లేచి, మూలన ఎర్ర దారంతో చిన్న ఇంటూ గుర్తు వేస్తుంది. పటాన్‌చెరు లారీ అడ్డాలో కూడా ఆ గుర్తు తెలియనివాళ్లు లేరు.

నిరుడు ఎండాకాలంలో సందీప్ అనే అతను మా సందుకు వచ్చాడు. నానక్‌రామ్‌గూడలో ఒక కంపెనీలో మేనేజరు, తెల్లాపూర్‌లో గేటెడ్ కమ్యూనిటీలో ఇల్లు. కొత్తగా పికప్ బండి కొన్నాడు. దాని మీద గుడారం వేసుకుని ఊళ్లు తిరుగుతూ, రాత్రిళ్లు అందులోనే పడుకోవాలని అతని కోరిక. బయటి దేశం నుంచి తెప్పిస్తే నెలలు పడుతుందని మా దగ్గరకు వచ్చాడు. ఇనుప చట్రం నేను చేశాను. మడత విప్పితే మంచంలా పరుచుకునే గుడారం భ్రమరాంబ కుట్టింది. పంతొమ్మిది రోజులు పట్టింది. చివరి రోజు బండి మీదే గుడారం తెరిచి, ఆమె లోపల కూర్చుంటే నేను నిచ్చెన ఎక్కి నీళ్లు పోశాను. ఒక్క చుక్క పడలేదు, మూలన ఎర్ర గుర్తు వేసింది. సందీప్ అదంతా ఫోన్‌లో తీశాడు.

"ఆంటీ, మీరు లోకల్ టాలెంట్ అండి. మా ఫాలోయర్స్ అందరికీ చూపిస్తా."

"చూపిద్దువు గాని సారూ, ముందుగాల నా మాట విను. తడి గుడ్డ మడవొద్దు. మడవక తప్పకపోతే ఇంటికి పోంగనే విప్పి ఎండవెట్టు. రెండు దినాలు దాటనియ్యకు."

"నోటెడ్ ఆంటీ."

"రాసుకునుడు కాదు, ఎండవెట్టు."

ఆ తర్వాత అతని వీడియోలు నేను కొన్ని చూశాను. తాడుకు ముడి వేయడం రాని మనిషి, అడవిలో ఎలా బతకాలో నలభై వేల మందికి చెబుతున్నాడు. ఒకసారి గుడారం ఉన్న సంగతి మర్చిపోయి బండిని ఆఫీసు బేస్‌మెంట్‌లోకి దింపాడు. దారిలో ఎత్తు హద్దుగా కట్టిన పసుపు రంగు బద్దకు తగిలి చట్రం వంగింది. నేనే సరిచేశాను. తర్వాతి వీడియోలో అది రాళ్ల దారిలో వంగిందని చెప్పుకున్నాడు. అప్పటి నుంచి చూడటం మానేశాను.

అయినా ఆ వీడియోల వల్ల ఒక మేలు జరగబోయింది. గచ్చిబౌలిలో ట్రెక్కింగ్ క్లబ్ నడిపే అవినాష్, తమ జీపులకు ఇలాంటివే ఆరు కావాలన్నాడు. ప్లాస్టిక్ పట్టాలు వచ్చాక లారీ పని సగం పడిపోయింది. ఈ ఆరు కుదిరితే భ్రమరాంబకు ఏడాది దాకా ఫికర్ లేదు. గుడ్డ కోసం బేగంబజార్ వెళ్లి నమూనాలు కూడా తెచ్చుకుంది.

సెప్టెంబరులో సందీప్ కొత్త వీడియో పెట్టాడు. లోకల్ గుడారం ఒక్క వానాకాలం కూడా ఆగలేదట, కుట్లన్నీ కారుతున్నాయట, ఎవరూ మోసపోవద్దట. మర్నాడే అవినాష్ ఫోన్ చేశాడు. "అమ్మా, ఆ సంగతి తేలేదాక మన ఆర్డర్ ఆపుదాం."

భ్రమరాంబ సందీప్‌కు ఫోన్ చేసి, "బండి తీస్కరా సారూ, నా కుట్టు నేను చూస్కుంట" అంది. శనివారం పొద్దున తెచ్చాడు.

పట్టీలు విప్పి గుడారం తెరవగానే నేను వెనక్కి గెంతాను. చచ్చిన ఎలుక వాసన కూడా నయం. గుడ్డంతా నల్లగా, పచ్చగా బూజు. పరుపు నీళ్లు పీల్చి ఉబ్బింది. అల్యూమినియం కాగితంలో చుట్టిన కోడి ఎముకలు, వాటి నిండా బొద్దింకలు. ఒక మూలన పాప డైపరు. సందీప్ రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని రోడ్డు మీదే నిలబడ్డాడు. భ్రమరాంబ మాత్రం చీర కొంగు నడుముకు దోపి నిచ్చెన ఎక్కింది.

"ఎన్నడు మడిచినవ్ దీన్ని?"

"జూలైలో అండి. వికారాబాద్ ట్రిప్. ఫుల్ వర్షం."

"ఎండవెట్టలె?"

"మా అసోసియేషన్ రూల్స్ మీకు తెలీవు ఆంటీ. బాల్కనీలో ఏదీ ఆరేయకూడదు. లాన్‌లో పరిస్తే ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టేస్తారు. అందుకే బేస్‌మెంట్‌లో పార్క్ చేసేశా. మొన్న వానలో తెరిచి చూస్తే లోపలంతా కారింది, మళ్లీ మూసేశా."

"తెల్లాపూర్ల ఎండ రాదా సారూ?"

"ఎండ వస్తుందండి. పర్మిషన్ రాదు."

నవ్వు రావలసిన మాట. ఆ వాసనలో నవ్వు కూడా రాలేదు. ఊళ్లు తిరిగే బండి కొన్న మనిషికి, ఒక ఖాళీ జాగా చూసుకుని పూట సేపు బండి ఆపాలని తోచలేదు.

"నరేందర్, నీళ్లు పట్టు" అంది నాతో. మూడు బిందెలు నింపాను. ఆమె పరుపునూ చెత్తనూ కిందికి నెట్టి లోపల కూర్చుంది. "సారూ, నువ్వు గూడ రా. ఏడ కారుతుందో ఇద్దరం చూద్దం."

"అందులోనా? నా వల్ల కాదండి."

నేను నీళ్లు పోశాను. బూజు తిన్న చోటల్లా గుడ్డ కారింది. నల్లటి నీళ్లు ఆమె తల మీద, భుజాల మీద పడ్డాయి. ఆమె కదలలేదు. పది నిమిషాలయ్యాక వేలు కొంగుకు తుడుచుకుని, కుట్లన్నిటి వెంట రాసి బయటికి చాపింది. పొడిగా ఉంది. నేను కూడా లోపలికి వంగి తడిమి చూశాను. గుడ్డ కుళ్లింది గానీ ఒక్క కుట్టు కూడా కారలేదు.

"సరే ఆంటీ, కుట్టు తప్పు కాదు, ఒప్పుకుంటా" అన్నాడు సందీప్. "ఒక పని చేద్దాం. బ్లీచింగ్‌తో కడిగి, లోపల మాసికలు వేసి, పైన ఆకుపచ్చ రంగు కొట్టేయండి. వచ్చే శనివారం ఒక కంపెనీవాళ్లకు వీడియో చేయాలి. అది అయిపోగానే పాత వీడియో తీసేసి మీ గురించి మంచిగా చెప్తా. అవినాష్ మా ఫ్రెండే, ఆర్డర్ మీకే వస్తుంది."

ఆరు గుడారాలంటే నాకు ఆరు చట్రాలు. ఆమె సరేనంటే బాగుండునని నాకూ అనిపించింది, దాచను.

"అండ్ల ఎవరు పంటరు?" అడిగింది.

"నేను, మా ఆవిడ, పాప."

ఆమె పక్క గుడ్డ మీద బొటనవేలు పెట్టి నొక్కింది. తడిసిన కాగితంలా చిరిగి వేలు బయటికి వచ్చింది. "నిద్దట్ల పిల్ల గీ దిక్కు పొర్లితె ఏడడుగుల కెల్లి కింద పడ్తది. రంగు ఆపుతదా?"

"ఒక్క రాత్రే కదా ఆంటీ."

ఆమె కిందికి దిగి, షెడ్డులోంచి చిన్న కత్తెర తెచ్చింది. మూలన ఉన్న ఎర్ర ఇంటూ గుర్తును నాలుగు కత్తిరింపుల్లో విప్పి, ఆ దారం వేలికి చుట్టుకుంది.

"ఇగ గిది నా గుడారం కాదు. తీస్కపో."

"అలాగైతే వీడియో అలాగే ఉంటుంది మరి. అవినాష్‌కు నేనేమీ చెప్పను."

"ఉండనీ. ఆర్డర్ పోతె పోయింది. నా గుర్తు కింద పిల్లను పండవెట్టనియ్య."

అతను కాసేపు ఫోన్ చూసుకున్నాడు. "కనీసం మడిచివ్వండి ఆంటీ" అన్నాడు.

"గలీజు నువ్వు చేసినవ్. నువ్వే మడువు."

రెండు వేళ్లతో అంచు పట్టుకుని, మోకాలితో అదిమి, పట్టీలు తలకిందులుగా బిగించుకున్నాడు. చేతులకు సానిటైజర్ రాసుకున్నాడు. పరుపు, ఎముకలు, డైపరు మా వాకిట్లోనే వదిలేసి వెళ్లిపోయాడు.

అవినాష్ మళ్లీ ఫోన్ చేయలేదు. బేగంబజార్ నమూనాలు భ్రమరాంబ షెడ్డులో మేకుకు వేలాడుతూనే ఉన్నాయి. సందీప్ ఇప్పుడు బయటి దేశపు గుడారం వేసుకుని తిరుగుతున్నాడని విన్నాను.

ఆ శనివారం మాత్రం మేమిద్దరం వాకిలిని ఫినాయిల్‌తో మూడుసార్లు కడిగాం. ఆమె నల్లా కింద తల రుద్దుకుని వచ్చి, పొద్దున్నే కుట్టి పెట్టిన లారీ టార్పాలిన్‌ను గుంజలకు కట్టింది. పీట వేసుకుని కూర్చుని, "నీళ్లు పొయ్యి" అంది. మూడు బిందెలు పోశాను. పది నిమిషాలయ్యాక లేచి, కొత్త ఎర్ర దారం తీసి సూదికి ఎక్కించింది. విప్పిన పాత దారం అప్పటికే ఫినాయిల్ నీళ్లతో పాటు మోరీలోకి పోయింది.