ఇప్పచెట్టు కింద దొరికిన జవాబు

ఆ రోజుల్లో సిరోంచలో ఒకడు తెలుగు నవల రాస్తున్నాడంటే, ఒంట్లో బాగోలేదేమోనని ఇంటికొచ్చి చూసిపోయేవారు. (ఇప్పటికీ 'మహారాష్ట్రలో తెలుగేమిటండీ' అని అడిగే మేధావులున్నారు. మా తాతలు ప్రాణహిత నీళ్ళు తాగి ఏ భాషలో దగ్గారని వీళ్ళ ఉద్దేశమో నాకు తెలియదు.) బడిలో మరాఠీ చెప్పారు, తెలుగు అక్షరాలు దుకాణాల బోర్డులు చూసి నేనే కూడబలుక్కున్నాను. అలా సంపాదించిన భాషతో మొదలుపెట్టిన నవల సగంలో ఆగింది. నాయకుడు వాగొడ్డున వెన్నెల్లో నిలబడి 'నన్ను వరిస్తావా' అని అడిగాడు. నాయిక నోరు విప్పదు. వానలు పడేలోగా ఈ రాత తేలకపోతే కట్టెల డిపోలో గుమాస్తాగా చేరుస్తానని మా బాపు ఖాయం చేశాడు.

ప్రశాంతత కోసం జిమల్‌గట్ట దగ్గరి పల్లెలో మా చిన్నమ్మ ఇంటికి పోయాను. మర్నాడు పొద్దున్నే అడవిలో ఒక ఇప్పచెట్టు కనిపించింది. కింద ఒక్క ఎండుటాకు లేదు. అడవితల్లి నాకోసమే ఊడ్చిపెట్టిందనుకున్నాను. రాలిన పువ్వును చేత్తో ఒకపక్క కుప్పగా నెట్టి, తువ్వాల పరిచి కూర్చున్నాను. (పువ్వు రాలే కాలంలో ఎవరి చెట్టు కింద వాళ్ళు ఆకులు కాల్చి నేల శుభ్రం చేసుకుంటారని, అక్కడ పువ్వు కుప్ప చేసిన పరాయివాడు దొంగేనని నాకెవరు చెప్పారు?)

గంప చంకన పెట్టుకొని ఒక పెద్దమ్మ వచ్చింది.

"ఎవలి చెట్టనుకున్నవ్ పిలగా?"

"అడవి అందరిదీ కదమ్మా," అన్నాను వినయంగా.

"అందరిదైతే నిన్న పొగల నా కండ్లు మండంగ ఏడవోయినవ్?"

కేక విని, అవతల తన చెట్టు కింద పువ్వు ఏరుతున్న చిన్నమ్మ ఉరికొచ్చింది. "మా అక్క కొడుకు వదినె, కత రాస్తుండు. అండ్ల పిలగాడు పెండ్లి చేసుకుంటవా అని అడిగిండట, పిల్ల జవాబిస్తలేదట. గా పరేషాన్‌ల కూసున్నడు."

పెద్దమ్మ గంప కింద పెట్టింది. "ఏం పని చేస్తడు గా పిలగాడు?"

"వెన్నెలను చూస్తుంటాడు," అన్నాను.

"మరి పొయ్యిల కట్టె ఎవలు తెస్తరు? మీ అవ్వ తెస్తదా, నేను తేవాల్నా, జర చెప్పి చంద్రుని దిక్కు చూడు అంటది గా పిల్ల. ఇంకేమంటది? ఇగ లే, నా పువ్వు నా గంపల ఎయ్యి."

మధ్యాహ్నం దాకా నాచేత పువ్వు ఏరిస్తూ, నన్నూ నా నాయకుణ్ణీ కలిపి కడిగింది. నేను పైకి ముఖం ముడుచుకొని, లోపల ఒక్కో మాటా దాచుకున్నాను. జిగట చేతులతోనే రాయడానికి కూర్చుంటే నాయిక ఇక ఆగలేదు. నాయకుడి చేత కట్టెలు కొట్టించేదాకా వదల్లేదు. వానలకు ముందే నవల ముగిసింది, డిపో తప్పింది. (కాగితాలకు పట్టిన ఇప్పపువ్వు వాసన చూసి బాపు మాత్రం నేను ఇప్పసారా మరిగానని అనుమానించాడు.)

నవల అచ్చయి పేరొచ్చింది, ఇప్పుడు ఊళ్ళో ఎక్కడికి పోయినా కుర్చీ వేసి 'సార్, చాయ్' అంటున్నారు. తప్పు మాట్లాడినా తలలూపుతున్నారు. రెండో నవల ఎప్పుడని అదే మర్యాదతో అడుగుతారు. ఇంత మర్యాదలో ఎవడు మాత్రం ఏం రాయగలడు? ఒక్కోసారి సంతకు పోయి, ఎవరైనా నాలుగు మాటలంటారేమోనని దారికి అడ్డంగా నిలబడి చూస్తున్నాను. పక్కనుంచి తప్పుకొని నమస్కారం పెట్టి పోతున్నారు.