ఉగ్గుగిన్నె అంచు

నా చిన్నప్పుడు కొన్నాళ్లు ఒక నర్సుకు పాఠం చెప్పే పని నాకు దొరికింది. అరవైల చివరి రోజులవి. నాకు పదమూడేళ్లు. మేము తార్నాకలో ఉండేవాళ్లం. అమ్మకు చేదోడుగా ఉండాలని ఏడో తరగతితోనే నన్ను బడి మాన్పించారు. నాన్న యూనివర్సిటీ లైబ్రరీలో అటెండరు. మధ్యాహ్నం ఆయనకు అన్నం తీసుకెళ్లి, ఆయన తిని డబ్బా కడుక్కునేలోపు ఏదో ఒక పుస్తకం ముందేసుకుని కూర్చునేదాన్ని. అలా అబ్బిన చదువే నాది. దాని మీద గర్వం కూడా ఎక్కువే.

మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, మాతోనే ఉండేది. ఒక పెద్దాసుపత్రిలో తొమ్మిదేళ్లుగా మగవాళ్ల ఆపరేషన్ వార్డులో నర్సు. కట్టు కట్టడంలో ఆమె చేతికి పేరుండేది. అలాంటి మనిషి ఉన్నట్టుండి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల గదికి మార్చమని అడిగింది. డ్యూటీ దిగాక రోజూ ఆ గది అద్దం దగ్గర నిలబడి చూసి వచ్చేదట. పెద్ద సిస్టరు ఒక నెల గడువిచ్చింది. ఆలోపు పని పట్టుబడకపోతే మళ్లీ పాత వార్డుకే. చిన్నమ్మకు పెళ్లి కాలేదు. పసిబిడ్డను ఎత్తుకోవాలంటేనే ఆమెకు చేతులు వణికేవి.

నాన్న చేత శిశు సంరక్షణ మీద ఒక పుస్తకం తెప్పించాను. సాయంత్రాలు నేను చదువుతుంటే చిన్నమ్మ జడ వేసుకుంటూ వినేది. బిడ్డను ఎంత వెచ్చగా ఉంచాలి, ఎన్ని గంటలకోసారి పాలు పట్టాలి, అన్నీ చెప్పి తిరిగి అప్పజెప్పించుకునేదాన్ని. తప్పితే మళ్లీ మొదటినుంచి చెప్పమనేదాన్ని. ఆ మొదటి వారం రోజులు నా అంత సంతోషంగా మా వీధిలో ఇంకెవరూ ఉండి ఉండరు.

తర్వాత ఆయమ్మ మాట మా ఇంట్లో మొదలైంది. ఆ గది ఊడ్చి, పిల్లల గుడ్డలుతికే ముసలావిడ. "ఆయమ్మ చేతిలకు పోతే ఎంత ఏడ్చే పోరడైనా గమ్మునుంటడు" అని చిన్నమ్మ చెబుతుంటే నాకు ఒళ్లు మండేది.

"ఆమెకు చదువొస్తదా?" అని అడిగాను.

"సంతకం గూడ రాదే" అంది చిన్నమ్మ, అదేదో గొప్ప అన్నట్టు.

పుస్తకం తెరిస్తే "రేపు చదువుకుందాం తియ్యి" అనడం కూడా అప్పుడే మొదలైంది.

ఎంత చేసినా ఉగ్గుగిన్నెతో పాలు పట్టడం మాత్రం చిన్నమ్మకు కుదరలేదు. సోమవారం నుంచి ఆ పని ఆమె ఒక్కతే చేయాలి. ఆదివారం ఇంటికొచ్చి నేర్పుతానని ఆయమ్మ మాటిచ్చింది. ఆ రోజు చిన్నమ్మ పెరట్లో తలంటుకుంటుండగా తలుపు చప్పుడైంది. నెత్తి మీద కొంగు, చంకలో గుడ్డ మూట, మాణికేశ్వర్ నగర్ నుంచి యూనివర్సిటీ క్యాంపస్ అంతా ఎండలో నడిచి వచ్చిన మనిషి.

"సిస్టరమ్మ ఉన్నదా బిడ్డా?"

"లేదు. కాచిగూడ పోయింది. పొద్దుగూకినంక గాని రాదు."

"గట్లనా" అని, మంచినీళ్లడిగి తాగి, చెంబు అరుగు మీద బోర్లించి వెళ్లిపోయింది. చిన్నమ్మ సాయంత్రం దాకా గుమ్మం వైపు చూసింది. అప్పుడు నేను పుస్తకం తెచ్చి, పాలు కొద్దికొద్దిగా పోయాలన్న పేజీ చదివాను. ఆ రోజు ఆమె చాలా శ్రద్ధగా వింది. నాకు ఎంత హాయిగా ఉండిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

సోమవారం చిన్నమ్మ వచ్చి అన్నం తినలేదు. పాలు పోస్తుంటే ఒక బిడ్డకు పొరబోయి ముఖం నీలమైందట. ఆయమ్మ గభాల్న అందుకుని బోర్లా తిప్పి వీపు తడితే ఊపిరి తీసుకున్నాడట. బిడ్డ బాగానే ఉన్నాడు. శనివారం తన ముందు పట్టి చూపించాలని, లేకుంటే పాత వార్డుకు వెళ్లిపోవాలని పెద్ద సిస్టరు చెప్పేసింది. ఇదంతా అమ్మకు చెబుతూ చిన్నమ్మ నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

మర్నాడు సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. క్యాంపస్ గుండా, నాన్న పనిచేసే లైబ్రరీ పక్కనుంచే నడిచాం. ఆయమ్మ ఇంటి ముందు చాప పరిచింది.

"కాచిగూడ నుంచి ఎప్పుడొస్తివి సిస్టరమ్మా?" అంది, నన్ను చూసి నవ్వుతూ. ఆమె నన్నన్నది అదొక్కటే.

చిన్నమ్మ నన్ను తన ఒళ్లో పడుకోమంది. పదమూడేళ్ల పిల్లను, ఆ వాడంతా చూస్తుండగా. ఆయమ్మ ఉగ్గుగిన్నెలో నీళ్లు పోసిచ్చి "పుస్తకంల ఉన్నట్టే పొయ్యి" అంది. చిన్నమ్మ కొద్దికొద్దిగానే పోసింది. ఒక గుక్క మింగకముందే ఇంకోటి వచ్చిపడి నాకు పొరబోయింది. ముక్కులో మంట, కళ్లలో నీళ్లు. నేనెన్నడూ చూడని ఆ పసివాడి నీలపు ముఖం నా కళ్ల ముందు నిలబడింది.

"మొన్న నేనే అబద్ధం చెప్పిన" అన్నాను, దగ్గుతూనే.

"ఎరికే. లేవకు" అంది చిన్నమ్మ.

ఈసారి ఆయమ్మ నా తల కాస్త పైకెత్తించి, గిన్నె అంచు నా కింది పెదవికి ఆనించమంది. "పొయ్యొద్దు సిస్టరమ్మా. తాకిచ్చి ఆగు. బిడ్డనే తాగుతది. గొంతు జూడు, గిన్నెను జూడకు." నేను పెదవి కదిపి, నాకు కావలసినంతే తీసుకున్నాను. చిన్నమ్మ చేయి వణకలేదు.

లేచి కూర్చున్నాక ఆయమ్మ నన్నడిగింది: "పుట్టిన పిల్లలు కొందరు పచ్చగైతరు గదా, ఎందుకో నీ పుస్తకంల ఉన్నదా? ఎన్నేండ్ల సంది చూస్తున్ననో. ఎవ్వల్నడిగినా చెప్పరు." నాకు తెలుసు. రెండు పేజీలు కంఠతా వచ్చు. మొదలుపెట్టబోయి ఆగాను. ఒక్క ముక్క చెప్పి, ఆమె ముఖం చూశాను. ఆమె తలూపి "ఇంకా?" అన్నాక రెండోది చెప్పాను.

శనివారం చిన్నమ్మ గట్టెక్కింది. రిటైరయ్యే దాకా ఆ గదిలోనే పనిచేసింది.

నా అసూయ మాత్రం నన్ను వదిలిపోలేదు. నాకు తెలిసిన సంగతిని మా మనవరాలు నన్ను కాదని పక్కింటావిడను అడిగితే, ఈ వయసులోనూ ఒళ్లు మండుతుంది. తెలిసిందంతా ఒక్కసారే ఒలకబోయాలనిపిస్తుంది. అప్పుడు కింది పెదవి మీద ఆ గిన్నె అంచు చల్లగా తగిలినట్టుంటుంది. నోరు మూసుకుని, ఆ పిల్ల ముఖం చూస్తూ కూర్చుంటాను.