పూచికపుల్ల తీయని ఆర్ఎన్ఏ

పొద్దున్నే ల్యాబ్‌కి రాగానే ఆ పరిశోధకురాలు తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తుంది. వేలి చెమట తగిలినా, కణంలో జన్యువుల నకలైన ఆర్ఎన్ఏ ముక్కలైపోతుంది, అంత సుకుమారం మరి. ప్రోస్టేట్ క్యాన్సర్ కణితుల్లో ఆమె వెతికే రకం ఇంకా ఘనమైనది. ఒక్క ప్రోటీనూ తయారు చేయదు. ఒకప్పుడు పండితులు దాన్ని చెత్త అని తేల్చేశారు. తీరా చూస్తే కొన్ని జన్యువులను ఎగదోసి, కొన్నిటి నోరు నొక్కి, కణితిని పెంచి పోషించేది అదే.

ఇంట్లో ఈ సంగతి చెబితే, బస్సు డ్రైవరుగా రిటైరైన తండ్రి పకపకా నవ్వాడు.

"అంటే మీ మేనమామే కదమ్మా! పూచికపుల్ల తీసి అవతల పెట్టడు, ఇల్లంతా ఆయన చెప్పినట్టు ఆడాలి."

"మామయ్యను పట్టుకోవడానికి మిషన్లు అక్కర్లేదు నాన్నా, సోఫాలో దొరుకుతాడు."

అందరి కణితులూ జల్లెడ పట్టే ఆ మేధావి, తండ్రి ప్రయాణాలు మానేస్తే, టీ తగ్గించేస్తే, వయసుతో బుద్ధి వచ్చిందని మురిసిపోయింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడటమంటే ఇదే.

ఒక ఆదివారం ఆయన పేపరు చాటునుంచి అడిగాడు. "ఆ కణితులున్నవాళ్ళకి ఒంటేలు సరిగ్గా రాదా అమ్మా?"

"ఎవరికి నాన్నా?"

"మా డిపోలో ఒకాయనకిలే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాది దాటింది."

మానేసిన ప్రయాణాలు, తగ్గించిన టీ ఆమెకు అప్పుడు గుర్తొచ్చాయి. "ఆ డిపో ఆయన్ని చొక్కా వేసుకోమను. ఆసుపత్రికి వెళ్దాం."

క్యాన్సరే అని తేలింది, అదృష్టవశాత్తూ ముదరలేదు. ఆపరేషన్ చేశారు. ఇప్పుడు ఆయన రక్తపరీక్షలకు వెళ్తుంటాడు, ఆమె సెలవు పెట్టి వెంట వెళ్తుంది.