తళుకుల డబ్బా, మా తెల్లగుడ్డ అత్తయ్య

మా అత్తయ్య కోడల్ని ఇంట్లోంచి గెంటే రకం కాదు. కంపెనీ గుమ్మంలోంచి గెంటే రకం. నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే, కంటి కొసన కాస్త కాటుక మిగిలిందని నన్ను అందరి ముందూ ఆపేసి, "ఇవాళ్టికి ఇంటికెళ్ళమ్మాయ్" అంది. సాయంత్రం షిఫ్టు దిగి వచ్చి, అసలేమీ జరగనట్టు నాకు వేడివేడిగా వడ్డించి, "తిను, చిక్కిపోయావ్" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నాననుకోండి. కోపం వేరు, ఆకలి వేరు.

మాది మాత్రలు ప్యాక్ చేసే కంపెనీ. మాత్రలు రేకుల్లోకి, రేకులు అట్టపెట్టెల్లోకి వెళ్తాయి. ఆ గదిలోకి పౌడరు, కాటుక, గోళ్ళరంగు ఏవీ రాకూడదు. అందుకే గుమ్మం దగ్గర ఒక పెద్ద లైటు, దాని కింద తెల్లగుడ్డ పట్టుకుని మా అత్తయ్య. వచ్చినవాళ్ళ నుదురు, బుగ్గలు, కనురెప్పలు తుడిచి చూస్తుంది. గుడ్డకి ఏదైనా అంటిందా, ఆ రోజుకి ఇంటికే. కడుక్కుని వస్తానంటే కుదరదు. "కనపడింది ఒకటైతే కనపడనివి ఎన్నున్నాయో. రోగం వచ్చినవాళ్ళు మందు మింగాలి గానీ నీ పౌడరు కాదు" అనేది. తిప్పి పంపినవాళ్ళు క్యాంటీన్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారని, వాళ్ళు గేటు లోపల ఉండనే కూడదని ఇంకో రూలు కూడా పెట్టించింది. లోపలి ఆడపిల్లలంతా వెనకాల ఆవిణ్ణి తెల్లగుడ్డ అంటారు. ఆవిడకీ తెలుసు. "పేరు బాగానే ఉంది. మాసిన గుడ్డ అనలేదుగా" అని నవ్వేసేది.

ఆవిడ ఆ కంపెనీలో చేరినప్పుడు మా ఆడపడుచు చంకలో పిల్ల. మామయ్యకి గడియారాలు బాగుచేసే కొట్టుండేది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక గడియారాలు చూసేవాడెవడు? కొట్టు మూతపడింది, ఇల్లు అత్తయ్య షిఫ్టుల మీదే నడిచింది. వయసులో ఉండగా మానేసిన పౌడరు మళ్ళీ ముట్టుకోలేదావిడ. సెలవు రోజున రాసుకోవచ్చు కదా అని ఓసారి నేనడిగితే, "అలవాటైతే చెయ్యి ఊరుకోదమ్మాయ్" అంది.

అలాంటి మనిషికి రిటైర్మెంటు వచ్చింది. సోమవారం ఆఖరి షిఫ్టు. ఆ రోజు నుంచే గుడ్డ నా చేతికి వస్తుంది. "దీనికి కళ్ళు మంచివి. నోరే మంచిది కాదు" అని సూపర్‌వైజరుకి సిఫార్సు చేసింది ఆవిడే. గుడ్డ అప్పగించే మనిషి మొహాన్నే ముందు తుడవడం మా గుమ్మం దగ్గర ఆనవాయితీ. తర్వాత ఆవిడ లోపలికెళ్ళి షిఫ్టు చేస్తుంది, టీ వేళకి క్యాంటీన్లో కేకు కోస్తుంది, మేనేజరు నాలుగు మంచి మాటలు చెప్తాడు. ఇన్నేళ్ళలో ఆ గుమ్మం దగ్గర ఒక్కసారి కూడా వెనక్కి తిరగని మనిషి మొత్తం కంపెనీలో అత్తయ్య ఒక్కతే. ఆ పేరుతోనే దిగిపోవాలని ఆవిడ ఆశ. పైకి చెప్పలేదు గానీ, ఆ రోజు కట్టుకోవాల్సిన చీర వారం ముందే ఇస్త్రీ చేసి పెట్టుకుంది.

ఆదివారం మధ్యాహ్నం మా ఆడపడుచు ఊడిపడింది. మేమంతా దాన్ని చిన్నది అంటాం. మేకప్ సామాన్ల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. చంకలో పెద్ద డబ్బా. మూత తీస్తే గదంతా వెలిగింది. గులాబి, వెండి, రాగి, నెమలిపింఛం రంగులు, అన్నీ తళతళలే. కొన్ని పొడులు, కొన్ని క్రీములు, కొన్ని పెదాలకి రాసుకునే జిగురులాంటివి. కొత్త సరుకట. అమ్మేముందు రకరకాల చర్మాల మీద వేసి చూసుకోవాలట.

ముందు నన్ను కూర్చోమంది. సోమవారం గుమ్మం దగ్గర తుడిచేది నేనే కదా, నన్నెవరు తిప్పి పంపుతారులే అని నేనూ కూర్చున్నాను. అత్తయ్య గుడ్లురిమింది. లేచిపోయాను.

"అయితే నీ మీద వేస్తానమ్మా" అంది చిన్నది. "నీ వయసు వాళ్ళొచ్చి, నాకు నప్పుతుందా అని అడుగుతారు. నాకేం చెప్పాలో తెలీక నవ్వి ఊరుకుంటున్నాను."

తిడుతుందనుకున్నాను. అత్తయ్య డబ్బా వంక చూసింది, చిన్నదాని వంక చూసింది. "చేతి మీద వెయ్యి. కడిగితే పోతుందా?"

"సబ్బుతో పోతుంది" అంది చిన్నది, పచ్చి అబద్ధం.

ముందుంది ముసళ్ల పండగని అప్పుడు మాకెవరికీ తెలీదు.

చెయ్యి అయింది. తర్వాత బుగ్గ. పెద్ద పలుకుల గ్లిట్టరు వేస్తే అది పోయి ముడతల్లో సర్దుకుంది. అత్తయ్య అద్దంలో చూసుకుని, "ఇది నా వయసు లెక్కపెట్టి చూపిస్తోందే" అని పగలబడి నవ్వింది. చిన్నది అది తుడిచేసి, రాగిరంగు క్రీము వేలికొసన తీసుకుని, రాయకుండా మెల్లగా అద్దింది. అది కుదిరింది. కనురెప్ప మీద అద్దితే, కడిగి బోర్లించిన రాగి చెంబులా నున్నగా మెరిసింది. అత్తయ్య ఒక కన్ను మూసీ తెరిచీ చూసుకుంది.

"రెండో దానికీ వెయ్యవే. ఒక్క కన్నే పెళ్ళికి వెళ్తున్నట్టుంది."

రెండో కన్ను, చెంపల ఎముకలు, ముక్కు మీద ఒక గీత, పెదాలకి తళుకు. ఒకటి వేస్తే ఇంకోటి. ఇది బాగుందా, అది బాగుందా అని ఇద్దరూ తగువులాడుకున్నారు. చిన్నది బుగ్గకి గులాబి రంగంటే అత్తయ్య వెండి రంగంది. అంత అల్లరి చెయ్యగలదని నాకీ ఇంటికొచ్చిన ఇన్నేళ్ళలో తెలీలేదు. నిజం చెప్తున్నా, నాకు భలే సంతోషమేసింది.

నిద్ర లేచి వచ్చిన మామయ్య గుమ్మంలోనే ఆగిపోయారు. "ఎవరండీ మీరు? మా ఆవిడ ఇంట్లో లేదా?"

"పనికెళ్ళింది. ఏం కావాలి?" అంది అత్తయ్య.

"మెరిసేదంతా బంగారం కాదంటారు."

"గడియారాలకి మెరుగు పెట్టినన్నాళ్ళూ ఈ మాట అనలేదేం మీరు?"

మామయ్య కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నారు. ఇంక కదల్లేదు.

ఇంట్లో ఉన్న వెలుతురు చాల్లేదు అత్తయ్యకి. అగ్గిపెట్టె తెస్తానని వీధి చివరి కొట్టుకెళ్ళింది. మా ఇంట్లో పొయ్యి వెలిగించేది లైటరుతో. కాసేపటికి మళ్ళీ బయల్దేరింది. ఈసారి నేనూ వెనకాలే వెళ్ళాను. ఎండలో ఆవిడ మొహం అటు తిప్పితే రాగి, ఇటు తిప్పితే వెండి.

"ఏంటి పిన్నిగారూ, ఎక్కడన్నా ఫంక్షనా?" అన్నాడు కొట్టతను.

"లేదు నాయనా. ఉప్పు" అంది అత్తయ్య.

సాయంత్రం అసలు కథ మొదలైంది. సబ్బు పెడితే బుగ్గ మీది తళుకు మెడకి దిగింది. నూనె రాస్తే మెడ మీదిది చెవుల వెనక్కి పోయింది. తువ్వాలు మెరిసింది, దిండు మెరిసింది, సబ్బు కూడా మెరిసింది. వేసుకున్నది చిటికెడు, తీసేది గంపెడు. చిన్నది ఏడుపు మొహం పెట్టింది. నేను దాన్ని తిట్టాల్సినవన్నీ తిట్టి, అంటుకునే టేపు ముక్కలు ముక్కలుగా చింపి అత్తయ్య మొహం మీద అద్ది లాగడం మొదలెట్టాను. మామయ్య పాత పెట్టె తెరిచి, కంటికి పెట్టుకునే భూతద్దం, సన్న పట్టకారు తీశారు. గడియారంలో మర తీసినంత ఓపిగ్గా ఒక్కో తళుకూ తీశారు. "నవ్వకు, చెయ్యి కదులుతోంది" అని ఆయన, "చక్కిలిగిలి పెట్టకండి మరి" అని ఆవిడ. రేపు ఏమవుతుందోనని నేను చస్తుంటే, ఈ ముసలాళ్ళ సరసం ఒకటి. చివరికి మామయ్య భూతద్దం తీసేసి, "ఇక లేవు" అన్నారు. నేనూ లైటు కింద చూశాను. లేవు.

సోమవారం పొద్దున్నే ఇస్త్రీ చీరలో అత్తయ్య నా ముందు నిలబడింది. వెనక షిఫ్టు వాళ్ళంతా వరసలో ఉన్నారు. గుడ్డ నా చేతిలో. నుదురు తుడిచాను, తెల్లగానే ఉంది. బుగ్గలు తుడిచాను, తెల్లగానే ఉంది. ఆవిడ కళ్ళు మూసుకుంది. లైటు వంచాను. ఎడమ కనుబొమ్మ కింద, మడతలో, రాగిరంగులో ఒక్కటి తళుక్కుమంది.

ఆవగింజలో సగం కూడా లేదు. నాకు తప్ప ఎవరికీ కనపడదు. బొటనవేలితో అలా తీసి నా డ్యూటీ గౌనుకి రాసేసుకుంటే అయిపోయేది. ఆవిడ లోపలికెళ్ళేది, కేకు కోసేది, ఆ పేరుతోనే దిగిపోయేది. మింగలేక కక్కలేక అలా నిలబడ్డాను. కానీ కనపడింది ఒకటైతే కనపడనివి ఎన్ని? ఆ మాట నాకు చెప్పిన మనిషే కదా నా ముందు కళ్ళు మూసుకుని నిలబడింది.

గుడ్డతో అద్ది చూపించాను.

"ఇవాళ్టికి ఇంటికెళ్ళండి అత్తయ్యా."

"ఆఖరి రోజు కదక్కా, వదిలెయ్యి" అంది వెనకనుంచి ఒకమ్మాయి.

అత్తయ్య కళ్ళు తెరిచి ఆ అమ్మాయి వైపు తిరిగింది. "నీ వంతు వచ్చినప్పుడు నువ్వు మాట్లాడు" అంది. గుడ్డ మీది తళుకు చూసింది, తలూపింది, సంచీ తీసుకుని గేటు వైపు నడిచింది. నేను ఏడుస్తూనే మిగిలిన మొహాలన్నీ తుడిచాను.

ఆ రోజు నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. అత్తనే గెంటిన కోడలని నా పేరు మధ్యాహ్నానికల్లా ప్యాకింగు నుంచి లోడింగు దాకా పాకింది. టీ వేళకి కేకు కొయ్యలేదు. ఇంటికెళ్ళి ఆవిడ మొహం ఎలా చూడాలో నాకు తెలీలేదు.

షిఫ్టు దిగి బయటికొస్తే, గేటుకి ఎదురుగా రోడ్డవతల ఒకావిడ నిలబడి ఉంది. సాయంత్రపు ఎండ సూటిగా మొహాన పడుతోంది. కనురెప్పలు రాగి, చెంపలు వెండి, పెదాలు తళతళ. పక్కన మామయ్య, చిన్నది.

"ఎవరే ఆవిడ?" అంది మా వాళ్ళలో ఒకతి.

"ఏం, వరస లేకుండా తోసుకుంటూ వస్తున్నారు?" అంది ఆవిడ.

ఆ గొంతు విని అందరూ ఒక్కసారిగా రోడ్డు దాటేశారు. ఎవరో లోపలికి పరిగెత్తి కేకు తెచ్చారు. మేనేజరు ఫుట్‌పాత్ మీదే నిలబడి చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పాడు, మధ్యలో రెండుసార్లు ఆవిడ మొహం చూసి ఏం చెప్తున్నాడో మర్చిపోయాడు కూడా. అందరికీ ఆవిణ్ణి కావలించుకోవాలనే. అత్తయ్య మాత్రం చేతులు అడ్డం పెట్టింది. "దూరం, దూరం. అంటుకుంటుంది. రేపు గుమ్మం దగ్గర మా కోడలుంటుంది, ఒక్కదాన్నీ వదలదు. ఆదివారం ఇంటికి రండి, అందరికీ వేస్తాం." అలా అంటూ నా వైపు చూసి నవ్వింది. నాకప్పుడు ఊపిరొచ్చింది.

ఇంటికి నడిచి వెళ్ళాం. మామయ్య, చిన్నది ముందు. మేమిద్దరం వెనక, మధ్యలో చేతెడు దూరం వదిలి. మర్నాడు నాకు పనుంది మరి.

"పోయిందిగా అత్తయ్యా, ఒక్కసారీ వెనక్కి రాలేదన్న పేరు" అన్నాను.

"పోతే పోయింది."

"మామయ్య చూశారు, నేను చూశాను. అదెలా మిగిలిందో నాకర్థం కావడం లేదు."

"పొద్దున జడేసుకుంటుంటే అద్దంలో కనపడింది నాకు."

నేను రోడ్డు మీదే ఆగిపోయాను. "చూసీ వచ్చారా? నాకు పరీక్ష పెట్టారా?"

"నీకు పరీక్షలు పెట్టే ఓపిక నాకెక్కడిదమ్మాయ్."

"మరి నేను చూడకపోతే?"

"నువ్వా? చూడకపోవడమా?" అని నాలుగడుగులు వేసింది. తర్వాత నెమ్మదిగా అంది. "వేలు అక్కడిదాకా పోయింది. ఇన్నాళ్ళూ ఇంతమంది మొహాలు తుడిచాను. నా మొహం మీద ఉన్న ఆ ఒక్కటీ తుడవబుద్ధి కాలేదు."