పెద్దత్త బరువు, నాన్న నావ

మా చిన్నప్పుడు... పొద్దున్న లేవగానే మొహమైనా కడుక్కోకుండా రైలు వంతెన దగ్గరికి పరుగెత్తి, స్తంభం మీద సున్నపు గీత చూసి రావడం నా పని. గీత కనబడితే గెడ్డలో, అంటే సముద్రంలో కలిసే మా వాగులో, నీళ్ళు తక్కువ, నావలు వంతెన కింద నుంచి సముద్రంలోకి పోవచ్చు. గీత మునిగిందంటే పోటు మీద ఉందన్నమాట... ఎంత తొందరున్నా ఆగాల్సిందే.

మా ఇళ్ళు వంతెనకి ఎగువన, గెడ్డ గట్టు మీద. సముద్రానికి మాకు వేరే దారి లేదు. పైన పోర్టుకెళ్ళే గూడ్సు బళ్ళు, కింద మా నావలు... ఒకరి గోల ఒకరికి అలవాటైపోయింది.

నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో ఉన్నప్పుడు నాన్న సొంత నావ చేయించాడు. అప్పటిదాకా ఇంకొకరి నావ మీద పనికెళ్ళేవాడు. నీలం రంగు, వెనకాల చిన్న చెక్క గది... ఆ నావ చుట్టూ నాన్న రోజుకి ఎన్నిసార్లు తిరిగేవాడో. అన్నం తింటూ కూడా గుమ్మంలోంచి దాన్నే చూసేవాడు.

తను పనికెళ్ళే నావకి గది ఎంత ఎత్తుందో వెదురు బద్దతో కొలిచి, అంతే ఎత్తు పెట్టించాడు. అది రోజూ వంతెన దాటేదే కదా... ఇదీ దాటుతుందనుకున్నాడు. కొలతలో వెంట్రుకవాసి తేడా లేదు. కానీ ఆ నావ ఎప్పుడూ వలలు, ఐసు, పదిమంది మనుషులతో బరువుగా కుంగి వెళ్ళేది. మా ఇంటి ఆచారం ప్రకారం కొత్త నావకి గెడ్డ సముద్రంలో కలిసే మొగలో గంగమ్మ పూజ అయ్యేదాకా వలలు ఎక్కించకూడదు. ఆడవాళ్ళు అసలు కాలు పెట్టకూడదు. ఖాళీ నావ వల బెండులా పైకి తేలుతుంది. అన్నేళ్ళు నీళ్ళ మీద బతికిన మనిషికి ఆ ముక్క తట్టలేదు... సంతోషంలో ఎవరికి మాత్రం తడుతుంది.

దించే రోజు డప్పులవాళ్ళు ఆలస్యంగా వచ్చారు. నావకి దండలు వేసి, కొబ్బరికాయ కొట్టి బయల్దేరేసరికి నీళ్ళు తీసే పాటు అయిపోయి పోటు మొదలైంది. మేమంతా గట్టు వెంబడి నడుస్తున్నాం. గది మొదటి ఇనప దూలం కింద నుంచి ఎలాగో దూరింది. దూరి, కొంచెం పైకి లేచి, రెండో దూలానికి ఆనుకుని నిలబడిపోయింది. ముందుకి పోదు, వెనక్కి రాదు... నీళ్ళు మాత్రం పెరుగుతున్నాయి.

నావలో ఉన్న ఏడుగురూ బరువేసి తొక్కారు. లాభం లేదు. ఊళ్ళో మిగతా మగవాళ్ళంతా చేపల వేటకి పోయారు. బరువు కోసం కొత్త నావలో నీళ్ళు పోయడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఇంతలో పైన గూడ్సు బండి వచ్చింది. వంతెన వణికి, గది కప్పు కిర్రుమంది.

"బావా, నీల్లెక్కిపోతన్నాయి. ఇంకాసేపైతే గది ఇరిగిపోద్ది," అన్నాడు నావలో ఉన్న పక్కింటి మావయ్య. నాన్న దూలానికి రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు... వంతెననే పైకెత్తేసేలా. మా నాన్న ముఖం అలా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు మా మామ్మ... నాన్నకి అమ్మ, ఇంట్లో ఆచారాలన్నీ కాపలా కాసే మనిషి... హారతి పళ్ళెం నా చేతిలో పెట్టి, చీర గోచీ బిగించి, నీళ్ళలోకి దిగిపోయింది.

"నువ్వెక్కకూడదు గదే అమ్మా," అన్నాడు నాన్న.

"గంగమ్మ మగోడేటిరా? ఆ తల్లికి లేని అంటు నీకేటి. సెయ్యందియ్యి."

మామ్మ ఎక్కాక ఇంకెవరు ఆగుతారు. అమ్మ, చుట్టుపక్కల పిన్నులు, చేతిలో పళ్ళెంతో నేను... అందరం ఎక్కాం. నావ కుంగింది గానీ, ఇంకా రెండు వేళ్ళ మందం తగులుతోంది.

గట్టు మీద మా పెద్దత్త ఒక్కతే మిగిలింది. నాన్నకి అక్క, భారీ మనిషి. నాన్న ఆవిడని 'బస్తా' అని ఏడిపించని రోజు లేదు. అందుకే ఆవిడ ఎవరూ పిలవకముందే నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడింది.

"అక్కా, నువ్వొక్కదానివి ఎక్కితే సాలే," అన్నాడు నాన్న బతిమాలుతూ.

"మల్లీ బస్తా అంతావా?"

"అననే... గంగమ్మ మీదొట్టు."

అత్త నింపాదిగా వచ్చి ఎక్కింది. నావ ఒక్కసారి కిందికి దిగింది. అందరం తలలు వంచాం... గది కప్పు దూలాన్ని రాసుకుంటూ, నీలం రంగు దానికి అంటించి, నావ అటువైపు వెలుగులోకి వచ్చేసింది. మామ్మ నవ్వుతూ ఏడుస్తోంది. నాన్న అత్త చెయ్యి పట్టుకుని మొగ దాకా వదల్లేదు. ఒట్టు కూడా జన్మలో తప్పలేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆచారం తిరగబడింది. కొత్త నావ ఏది దించినా ముందు ఆడవాళ్ళే ఎక్కాలి.

ఇప్పుడు మామ్మ లేదు, అత్తా లేదు. వంతెనకి రంగులు వేసేశారు, ఆ నీలం మరకా లేదు. పోటూ పాటూ ఫోన్లోనే చూసుకుంటున్నారు, సున్నపు గీత ఎవరికీ అక్కర్లేదు. నేను కూర్మన్నపాలెంలో కాపురం... మా ఆయన స్టీల్ ప్లాంటు షిఫ్టుల లెక్కతోనే నా పొద్దు గడుస్తోంది.

మొన్న మా తమ్ముడు ఫైబర్ బోటు కొన్నాడు. దానికి గదీ లేదు, గొడవా లేదు, ఎంత పోటులోనైనా సాఫీగా పోతుంది. అయినా ఫోన్ చేశాడు... "అక్కా, నువ్వొచ్చి ఎక్కితేగానీ తియ్యను" అని.

వెళ్ళాను. నా కూతుర్ని కూడా ఎక్కించుకున్నాను. వంతెన నెత్తికి చాలా ఎత్తులోనే ఉంది... అయినా కింద నుంచి వెళ్తుంటే నేనూ తమ్ముడూ ఇద్దరం ఒకేసారి తల వంచాం. "ఎందుకమ్మా?" అంది నా కూతురు. అత్త సంగతి చెప్పడం మొదలుపెట్టాను...

మీ ఇళ్ళలోనూ ఇలా అవసరానికి తిరగబడి, ఆ తర్వాత అదే ఆచారమైపోయినవి ఉండే ఉంటాయి. తిరగేసిన మనిషెవరో చెప్పండి... ఆ పేరు మీ పిల్లలకి తెలుసో లేదో.