కారు టైర్లకి బెల్లప్పాకం

ఇవాల్టి నుంచీ నన్ను డ్రైవరూ అని పిలవకు బావా. నిన్న సాయంత్రంతో ఆ ముచ్చట తీరిపోయింది. ఎందుకంటావా? కారు టైర్లకి బెల్లప్పాకం రాసేను. నవ్వు, నవ్వు. టీ కొరబోకుండా నవ్వు. నిన్నట్నుంచీ బెల్లం మండీ అంతా నవ్వుతోంది, నువ్వొక్కడివీ మానేత్తే నాకేటి ఒరుగుతాది.

మా సావుకారు సంగతి నీకు తెలిసిందే. పెద్ద బెల్లం గోదాం, దాని పక్కన షెడ్డు, షెడ్డులో కారు. యుద్ధం వచ్చిన కాడ్నుంచీ పెట్రోలు దొరక్క ఆ కారు అక్కడే పడుంది. నాను రోజూ ఎల్లి తుడిసి వత్తన్నాను, దానికే జీతం. ఆఖరికి అమ్మేత్తానన్నాడు. పట్నంలో మిలట్రీ క్యాంపులకి సరుకులిచ్చే కంట్రాక్టరట. ఆయనకి పెట్రోలుకి కరువు లేదట. సూడ్డానికి వత్తాడట.

"మరి నా గతేటి బాబూ?" అన్నాను.

"బండి నచ్చితే బండితోపాటు నిన్నూ అప్పజెప్పేస్తాన్రా అప్పలస్వామీ. చూసేవాడి కంటికి ఇంపుగా ఉండాలి, అంతే" అన్నాడు.

అదీ నా ఆశ. ఆ కంట్రాక్టరు పెట్టుకుంటే నాను డ్రైవర్ని. లేదంటే రోలుగుంట ఎల్లి మా మావ మెట్టసేలో నాగలి పట్టాలి. ఆయన ఇప్పటికే "కారు తుడిసీవోడికి పిల్లనిచ్చేను" అని కనిపించినోడికల్లా సెప్పుకుంటన్నాడు.

బండి ఒళ్లు బాగానే ఉంది. కడిగి తుడిసేసరికి మొహం కనిపించింది. టైర్లు సూత్తేనే ఏడుపొచ్చింది. ఏళ్ల తరబడి నిలబెట్టీసిన రబ్బరు కదా, బూడిద రంగు తేలి మడమల్లాగ పగిలిపోయింది. కొత్తవి కొందామంటే ఈ రోజుల్లో టైరెవడిత్తాడు?

ఉన్నవాటినే నల్లగా మెరిపించాలి. దేంతోటి? కిరసనాయిలు రాత్తే ఆ పూటకి నల్లబడతాది, ఆరగానే మళ్లీ తెలుపు, పైగా రబ్బర్ని తినేత్తాది. ఆముదం రాత్తే రోడ్డు మీది దుమ్మంతా దానికే. తారు రాత్తే ఆ కంపుకి బేరగాడు బండి దగ్గరికే రాడు. బూట్ల పాలీసు డబ్బీ ఒకటి సంపాదించేను గానీ, అది సగం టైరుకి కూడా సాల్లేదు. అప్పుడు బుర్రలో ఎలిగింది. సబ్బవరం దగ్గర టీ కొట్లో ఒక మిలట్రీ వంటోడు సెప్పేడు, పూర్వం దొరలు బూట్లకి మసీ బెల్లప్పాకం కలిపి రాసీవోరట, నిగనిగలాడిపోయీవట. అనకాపల్లిలో ఉంటూ నాకు బెల్లానికేటి కరువు? గోదాంలో రాలిన ముక్కలు ఏరుకొచ్చేను.

మా ఇంటిది కుండ ఇవ్వనంది. "పిల్లలకి పరవాన్నం వొండుతానంటే బెల్లం లేదన్నావు. కారుకి మట్టుకు పాకం పడతన్నావా?" అంది. ఉద్యోగం వత్తే రోజూ పరవాన్నమే అని సెప్పి లాక్కున్నాను.

పాకం ముదిరితే పెళుసెక్కి రాలిపోతాది, లేతగా ఉంటే కారిపోతాది. అరిసెల పాకమంత పట్టి, దీపం మసి రంగరించేను. టైర్లు కొబ్బరి పీసుతో తోమి, ఎండలో ఆరనిచ్చి, గుడ్డతో పగుళ్లలోకల్లా కూరికూరి రాసేను. ఆరేక ఇంకో పూత. నిజం సెప్తన్నాను బావా, అప్పుడే కొట్లోంచి దొర్లించుకొచ్చినట్టున్నాయి. సావుకారు సుట్టూ తిరిగి సూసి, "భేష్ రా" అని నా భుజం తట్టేడు. కొట్టడానికి కాకుండా ఆయన సెయ్యి నా మీద పడ్డం అదే మొదలు.

మధ్యాన్నం కంట్రాక్టరు రైలు దిగి జట్కాలో వచ్చేడు. లావుపాటి మనిషి, తెల్ల పేంటు. కూడా తెచ్చుకున్న డబ్బాలోంచి పెట్రోలు పోయించి, ఇంజను స్టార్టు సేయించి, సెవి పెట్టి ఇని, తలాడించేడు. "డ్రైవరు ఇతనేనా? బండి శుభ్రంగా ఉంచాడే" అన్నాడు. నా కాళ్లు నేల మీద నిలవలేదు. సావుకారు ఆయన్ని కాఫీకి లోపలికి తీసుకెల్లేడు. నాను మా ఇంటిదానికి కబురు సెప్పేద్దామని ఇంటికి పరిగెత్తేను. అక్కడే నా బుద్ధి గడ్డి తింది.

తిరిగొచ్చేసరికి ఉక్కకి పాకం కరిగి జిగటెక్కిపోయింది. ఈగలు ముసిరేయంటే సరే. మండీలో తిరిగే అప్పన్న కోడె లేదూ, సింహాచలం సామికి మొక్కుకుని ఎవరో వదిలీసిన గిత్త, అదొచ్చి ముందు టైరు నాకతోంది. గీకిగీకి నాకతోంది. నలుపంతా పోయి, పగుళ్లు బయటపడి, ఒక సోట లోపలి దారాలు కూడా అగుపిత్తన్నాయి. కర్రెత్తబోతే జట్కావోడు నా సెయ్యి పట్టుకున్నాడు. "దేవుడి కోడెని కొడతావా, కళ్లు పోతాయి" అన్నాడు. కొమ్ము పట్టుకుని లాగేను, కదల్లేదు. "తండ్రీ, నా కడుపు కొట్టకు, ఎల్లు" అని దండం పెట్టేను. రెండో టైరు దగ్గరికి ఎల్లింది.

సరిగ్గా అప్పుడే ఆళ్లిద్దరూ బయటికొచ్చేరు. కంట్రాక్టరు వొంగి, టైరు మీద ఏలెట్టి, నాలిక్కి రాసుకున్నాడు.

"బెల్లం" అన్నాడు.

సావుకారు మొహం మాడిపోయింది. "నాకేం తెలీదండీ, అంతా వీడి నిర్వాకమే" అన్నాడు.

కంట్రాక్టరు పొట్ట పట్టుకుని నవ్వేడు. "టైర్లెవరు చూశారండీ? క్యాంపులో నాకు కొత్తవి దొరుకుతాయి. నేను కొంటున్నది ఇంజన్ని" అన్నాడు.

ఇన్నావా? ఆయన టైర్లకేసి సూడనే లేదు. నాను మసి పూసుకుని సచ్చింది ఎవరి కోసం బావా?

అంతటితో ఆగేడా? కోడె వేపు సూసి, "ఈ బెల్లం మీదేనా? పశువు ఇలా వదలకుండా నాకుతోందంటే కల్తీ లేని సరుకే. క్యాంపులకి నెలనెలా కావాలి" అన్నాడు. మళ్లీ లోపలికెల్లి కూకున్నారు. మళ్లీ కాఫీలు. నాను బయట ఈగలు తోలుకుంటా నిలబడ్డాను. వచ్చేటప్పుడు సావుకారు మొహం మతాబాలాగుంది.

కంట్రాక్టరు తనే స్టీరింగు ముందు కూకున్నాడు. నాను దగ్గరికెల్లి "బాబూ, మరి నాను..." అన్నాను.

"కష్టపడేవాడివే నాయనా, కాదనను. కానీ టైర్లకి పాకం రాసినవాడివి, రేపు రేడియేటర్లో పానకం పోస్తే నేనేం చేసుకోను?" అన్నాడు. కారు ఎల్లిపోయింది.

సావుకారుని అడిగేను. "కారే లేకపోయాక డ్రైవరెందుకురా" అన్నాడు. బెల్లం బేరం ఊసే ఎత్తలేదు. ఆ బేరం ఎవరి మూలంగా కుదిరింది, నువ్వే సెప్పు. ఒళ్లు మండిపోతోంది బావా, ఇప్పటికీ.

ఇంటికి నడుత్తుంటే ఎనక అడుగుల సప్పుడు. మనసు మారి పిలుత్తన్నాడేమో అనుకున్నాను, ఎంత ఆశో సూడు. తిరిగి సూత్తే కోడె. దగ్గరికొచ్చి నా సేతులు నాకింది. నిన్న అనకాపల్లి మొత్తం మీద నన్ను కావాలనుకున్నది అదొక్కటే. అదీ సేతులికున్న పాకం అయిపోయిందాకానే. శుభ్రంగా నాకేసి, మండీ వేపు ఎల్లిపోయింది.